సున్నం కింద పాప

"మాస్టారి గోళ్లల్లో ఎప్పుడూ రంగు ఉండీది బాబూ. ఏటని అడిగితే నవ్వీసీవోరు," అన్నారు విజయనగరంలో ఒక పెద్దాయన. మాస్టారంటే వయొలిన్ విద్వాంసుడు, ఈయన ఆయన పక్కన ఏళ్ల తరబడి మృదంగం వాయించిన మనిషి. దేశమంతా పేరున్న మాస్టారు ఇంట్లో బొమ్మలు వేసేవారట, ఎవరికీ చూపించేవారు కాదట. ఆ సంగతి ఆయన పోయాకే నాకు తెలిసింది. చిన్నప్పటినుంచీ ఆ వయొలిన్ విని పెరిగినవాణ్ని, ఆగలేక వాళ్లింటికి ఫోన్ చేశాను. "రండి బాబూ, మీతో పనుంది," అన్నారు ఆయన భార్య.

పొద్దున్నే విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రాజాం బస్సెక్కాను. చీపురుపల్లి మీదుగా గంటన్నర పైనే పడుతుంది, టికెట్ వందలోపే. రాజాంలో ఉప్మా తిని, వాళ్ల ఊరికి ఆటో మాట్లాడుకున్నాను. "మాస్టారింటికా? సూడ్డానికేటుంది? సున్నం ఏసీసినారు కదా," అన్నాడు డ్రైవరు. ఇల్లు శుభ్రంగా ఉందని చెబుతున్నాడేమో అనుకున్నాను.

ఆవిడ నన్ను నేరుగా వెనక గదిలోకి తీసుకెళ్లారు. నాలుగు గోడలూ తెల్లగా మెరుస్తున్నాయి. ఒక గోడ చూపించి, "మా పాప ఇక్కడే ఉన్నాది," అన్నారు.

పాప మూడేళ్లకే జ్వరంతో పోయింది. మాస్టారు ఏడాదిలో ఎక్కువ రోజులు కచేరీలకని దూరానే ఉండేవారు, కడసారి చూపు కూడా దక్కలేదు. ఒక్క ఫొటో కూడా లేదు. "ముక్కెలాగుండీది, నవ్వితే బుగ్గెలాగయ్యేదని ఆయన అడిగీవోరు. నాను సెప్పీదాన్ని. కాదంటే సెరిపి మళ్లీ ఏసీవోరు." అలా ఏళ్లు పట్టిందట గోడ మీది ఆ పాప బొమ్మకి.

భర్త పోయిన ఆడమనిషిని మైల రోజుల్లో మూలగదిలో కూర్చోబెట్టి బయటికి రానివ్వరు. ఈ ఆచారమంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఆవిడ ఆ గదిలో ఉండగానే మరిది కొడుకు ఇల్లంతా సున్నం వేయించాడు. "మైల ఇల్లు కదండీ. పెద్దకార్యానికి సుట్టాలొస్తారు, గోడలు బాగునేవని..." అంటూ పక్కనే నిలబడ్డ అతను తల దించుకున్నాడు. పాపం, అతని తప్పేముంది? ఆ బొమ్మ ఎవరిదో మాస్టారు ఆవిడకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు.

నాతో పని ఇదే. సున్నం తీసే ఉపాయం పట్నం మనిషికి తెలుస్తుందేమోనని. తెలియదన్నాను. మరిది కొడుకు ఉండబట్టలేక తడిగుడ్డతో గోడ అంచు తుడిచాడు. సున్నంతోపాటు ఎర్రరంగు కూడా గుడ్డకి వచ్చేసింది. "ఆపరా, అది దాని గౌను," అన్నారావిడ.

కాసేపటికి, "మీకు బొమ్మలొచ్చా బాబూ? నాను సెప్తాను, ఎయ్యండి," అన్నారు. రాదంటే నమ్మలేదు, చెప్పడం మొదలుపెట్టారు. ముక్కు దగ్గర ఆగిపోయారు. ఆ తెల్లగోడ వైపు చూశారు. "గుర్తు రాట్నేదు బాబూ. గోడ మీద ఉన్నాది కదా అని గుర్తెట్టుకోనేదు."

తిరుగు బస్సులో చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆయన పాత రికార్డింగు ఒకటి పెట్టాను, వినలేక తీసేశాను. ఆ సంగీతం వేల ఫోన్లలో ఉంది. ఆయన ఏళ్ల తరబడి దిద్దుకున్న ఆ ఒక్క మొహం ఎక్కడా లేదు. ఆ ఊరు వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. వెళ్లకండి, చూడ్డానికేమీ లేదు. ఆ బస్సు డబ్బులు దాచుకుని, మీ ఇంట్లో సున్నం వేయించేముందు గోడలకి ఒక ఫొటో తీసుకోండి.