సెల్ఫ్ క్యాటరింగ్ ఇల్లు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. హీటరు గాలి ఇటువైపే వస్తుంది, అక్కడ కూర్చుంటే కాళ్ళు కొంకర్లు పోతాయి. టీ ముందే తాగేయండి. చెప్పబోయేదాంట్లో కడుపులో తిప్పే సంగతులున్నాయి, తర్వాత నన్ననొద్దు. ఇది మేం వెళ్ళబోయే హాలిడే కథ. హాలిడే అంటే మీకు ఇసుక, నీలం నీళ్ళు కళ్ళకి కడతాయేమో. నాకు మాత్రం ముందు రోత గుర్తొస్తుంది.

మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ ఊరి శివారు పాపటోయిటోయిలో ఉంటాం. మా ఆయన గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. నేను విమానాలకి భోజనం పంపే పెద్ద వంటశాలలో చేస్తాను. వంటశాల అన్నానని గరిటె పట్టుకుంటాననుకునేరు. దిగిన విమానాల్లోంచి ఎంగిలి ట్రేలు వెనక్కి వస్తాయి, వాటిని ఖాళీ చేసి మెషీన్‌లోకి ఎక్కించడం నా పని. చూయింగ్ గమ్ అన్నంలో గుచ్చేస్తారు. ముక్కు తుడుచుకున్న టిష్యూ కాఫీ కప్పులో కుక్కుతారు. కొరికిన కోడి ముక్కని తిరిగి రేకు కింద పెట్టి మూత వేస్తారు, ఇంకెవరికో ఇస్తామన్నట్టు. ఒకసారి వెన్న డబ్బాలో ఎవరిదో పన్ను దొరికింది. పాలపన్ను కాదండీ, పెద్ద మనిషి దవడపన్ను. రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా ఇంటికొచ్చాక చింతపండు పెట్టి చేతులు తోముకుంటాను. అలా తోముకున్న చేతులతోనే మళ్ళీ వంట.

ఈ వంట సంగతి ఒక్క మాట చెప్పాలి. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో నేను కూర్చుంటే ఇంకొకరు వండి, వేడివేడిగా తెచ్చి నా ముందు పెట్టి, "ఇంకాస్త వేసుకో" అన్న రోజులు మా అమ్మాయిని కనడానికి నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు ఉన్నాయి, అంతే. ఆ అమ్మాయికిప్పుడు వెల్లింగ్టన్‌లో ఉద్యోగం. వంట నాకు చేతకాకపోలేదు, బాగానే వస్తుంది. అదే నా ప్రాణానికొచ్చింది.

మా మరిది సిటీలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. అతను, మా తోటికోడలు, ఇద్దరు పిల్లలు ఇదే ఊళ్ళో న్యూ లిన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. ఎండాకాలం పోయి చలి మొదలవుతున్న ఒక ఆదివారం నలుగురూ మా ఇంటికి వచ్చారు.

"వదినా, ఈసారి ఇండియా వద్దు" అన్నాడు మరిది. "ఇండియా వెళ్తే అది హాలిడేనా? హాజరు వేయించుకోవడం. ఆ ఇంటికెళ్ళి ఈ ఇంటికి రాలేదే అని తిట్లు. ఈసారి మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోదాం."

ఆ చోటు మధ్యధరా సముద్రంలో ఒక చిన్న ద్వీపం. పేరు నాకు నోరు తిరగదు. ఆ చివరి నించి ఈ చివరికి కారులో అరగంటట. మనకి ఇక్కడ వణుకు పుట్టే జులైలో అక్కడ మండే ఎండ. పిల్లల స్కూలు సెలవులు కూడా కలిసొస్తాయి. మా తోటికోడలు ఫోను నా ముఖం ముందు పెట్టి, "అక్కా, ఇల్లు కూడా దొరికేసింది. మేడ మీద నించి సముద్రం కనిపిస్తుంది. సెల్ఫ్ క్యాటరింగ్" అంది.

ఇక్కడే నా బుర్ర చెడింది. మా వైపు క్యాటరింగ్ అంటే ఏంటి? పెళ్ళికి క్యాటరింగ్ వాళ్ళొస్తారు. గాడిపొయ్యి వాళ్ళదే, గుండిగలు వాళ్ళవే, వడ్డించేదీ వాళ్ళే, మనం విస్తరి ముందు కూర్చోవడమే. నేను పని చేసేది కూడా క్యాటరింగే కదా. అందుకని సెల్ఫ్ క్యాటరింగ్ అంటే సొంత క్యాటరింగ్ ఉన్న ఇల్లు అనుకున్నాను. అయినా మనసు ఆగక అడిగాను.

"అంటే, సొంత క్యాటరింగా?"

"అవునక్కా, మన సొంతమే. బయటికి వెళ్ళే పనే లేదు."

ఇంకేం కావాలి నాకు? పది రోజులు! నేను ఆ పూట పూరీలు రెండు వాయిలు ఎక్కువ వేశాను సంతోషంతో.

ఆ తర్వాత ఫోటోలు చూపించారు. అక్కడ ఆక్టోపస్ అని ఎనిమిది కాళ్ళ ప్రాణిని పట్టుకొచ్చి తాడు మీద ఆరేస్తారట, మనం లంగాలు ఆరేసుకున్నట్టు. కాళ్ళ నిండా గుండీల్లాంటి పొక్కులు, కొసల నించి జిగురు కారుతోంది. ఇంకో ఫోటోలో కుందేలు, చెవులతో సహా. నేను చేప తింటాను, కోడి తింటాను, పీతని కూడా విరుచుకు తింటాను. ఇవి చూస్తే మాత్రం నాలుక వెనక్కి ముడుచుకుపోయింది.

"అబ్బ ఛీ, తీసెయ్యవయ్యా" అన్నాను.

మరిది పకపకా నవ్వాడు. "వదినకి ఆక్టోపస్ వేపుడు పార్సిల్!"

ఇంటి ఫోటోల్లో అందరూ మేడ చూశారు, సముద్రం చూశారు. నా కళ్ళు వంటగది మీద పడ్డాయి. ఓవెన్ తలుపు మీద ఎన్ని కుటుంబాలు చిందించిన నూనో, బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. మాడిన మూకుడు ఒకటి మేకుకి వేలాడుతోంది. "వాళ్ళకి చెప్పమ్మా, మనకి వండేముందు ఆ మూకుడు బాగా తోమమని" అన్నాను తోటికోడలితో. ఆమె ఒకసారి మా ఆయన వైపు చూసి, "చెప్తానక్కా" అంది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు. ఆ చూపులు నేను చూశాను, లెక్క చెయ్యలేదు.

నాలుగు వారాలు ఆ సంబరంలోనే గడిచాయి. పన్ను దొరికినా, చేతులకి పొక్కులు రేగినా, పది రోజులు కూర్చుని తింటాను కదా అనుకునేదాన్ని. ఆ ఇంటికి వంటకి వచ్చే ఆవిడ లావుగా ఉంటుందా, సన్నగా ఉంటుందా అని కూడా ఊహించుకున్నాను. లావుగానే అనుకున్నాను, చేయి ధారాళంగా ఉంటుందని.

పనిలో నా పక్కన నిలబడే ఫిజీ ఆవిడ ఉంది. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది, నాకు అర్థమవుతుంది. ఒక రోజు బడాయికి ఆమెకి చెప్పాను, "సెల్ఫ్ క్యాటరింగ్ ఇల్లు తీసుకున్నాం, నేను గరిటె ముట్టుకోను" అని. ఆమె చేతిలో ట్రే అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"దీదీ, సెల్ఫ్ అంటే ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"నువ్వే."

తర్వాత నిదానంగా చెప్పింది. అలాంటి ఇంట్లో పొయ్యి, గిన్నెలు మాత్రం ఉంటాయి, ఎవరి వంట వాళ్ళే వండుకోవాలి, వంటమనిషి ఎవరూ రారు. అప్పుడు నా చేతిలో ఒక పెరుగు కప్పు ఉంది. ఎవరో మహానుభావుడు ఆకాశంలో తీరిగ్గా కూర్చుని కాలిగోళ్ళు కత్తిరించి అందులో వేశాడు. ఆ గోళ్ళు చూస్తే రాని వాంతి ఆ మాట విన్నాక వచ్చినంత పనయింది.

ఇంట్లో ఏమీ అనలేదు. పొరపాటు నాదేనేమో, వాళ్ళు వేరే ఏదైనా ఏర్పాటు చేశారేమో అని ఆదివారం దాకా ఆగాను. ఆదివారం అందరూ వచ్చారు. కోడి పులావు, గుత్తివంకాయ చేశాను. నేను నిలబడి వడ్డిస్తుంటే మా తోటికోడలు ఫోనులో లిస్టు చదువుతోంది.

"రైస్ కుక్కర్ చిన్నది. ఇంగువ. చింతపండు. ఆవకాయ సీసా, రెండు కవర్లు చుట్టి. ఇడ్లీ రేకులు... అక్కా, ఇడ్లీ రేకులు మీ పెట్టెలో పెట్టుకుంటారా?"

"ఇడ్లీ ఎవరు వేస్తారమ్మా అక్కడ?"

మరిది నవ్వుతూనే అందుకున్నాడు.

"నువ్వే కదొదినా! మా ఫ్రెండ్సందరికీ చెప్పాను, మాకు సముద్రం అక్కడిది, భోజనం ఇంటిది అని."

"అక్కకి వంటంటే ప్రాణం కదా" అంది తోటికోడలు. "నేను చేస్తే పిల్లలు ముట్టరు. పొద్దున టిఫిన్ ఒకటి, రాత్రికి ఏదో సింపుల్‌గా అన్నం, పప్పు, ఒక కూర, చారు, అంతే."

అంతేనట. ఆరుగురికి. ఆ మూకుడులో.

"హాలిడే అన్నారు కదా" అన్నాను.

"హాలిడేనే వదినా. అయినా వండకపోతే నువ్వేం తింటావు అక్కడ? ఆక్టోపస్ ఫోటో చూసే ఛీ ఛీ అన్నావు!"

నా అసహ్యాన్ని నా మెడకే పలుపుతాడులా కట్టారు చూశారా. నాకు ఒకటి తినబుద్ధి కాదు కాబట్టి ఆరుగురికీ నేను వండిపెట్టాలి. అప్పుడు మా ఆయన వైపు తిరిగాను.

"ఏవండీ, ఇది మీకు తెలుసా?"

"ఊఁ."

"నేను క్యాటరింగ్ వాళ్ళొస్తారనుకుంటున్నానని కూడా తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే నువ్వు రానంటావని."

గుత్తివంకాయ గుజ్జు అంటిన వేళ్ళు ఒక్కొక్కటీ నాక్కుంటూ చెప్పారు ఆ మాట. ఎంగిలి ట్రేల మధ్య ఏళ్ళ తరబడి నిలబడ్డదాన్ని. మనుషుల నోటి నించి వచ్చిన చెత్త ఏదైనా చూడగలను. ఆ పూట ఆ వేళ్ళు చూడలేకపోయాను. ఆయన నన్ను మోసం చేశారని కాదు, నా సంబరాన్ని నాలుగు వారాలు చూస్తూ, అది తప్పు సంబరమని తెలిసీ, నా చేతి వంట తిన్నారే, అది.

గరిటె గిన్నెలో వదిలేశాను.

"వస్తాను. రానని ఎందుకంటాను? పొయ్యి మాత్రం ముట్టను. ఇడ్లీ రేకులు ఎవరు వేస్తారో వాళ్ళ పెట్టెలో పెట్టుకోండి."

"మరి తిండి?" అన్నాడు మరిది.

"అక్కడి వాళ్ళు తినేదే."

"ఆక్టోపస్సా?"

"ఆక్టోపస్సే."

"పెద్దమ్మా, నో వే!" అని మరిది కూతురు అరిచింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

నవ్వితే ఊరుకుంటానా? ఫిజీ ఆవిడని వెంటబెట్టుకుని బస్సెక్కి ఆక్లాండ్ సిటీ సెంటర్‌కి వెళ్ళాను. ఆ దేశాల సరుకు అమ్మే కొట్లో ఒక సీసా ఆలివ్ కాయలు, నూనెలో వేసిన ఆక్టోపస్ డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. ఇంట్లో కూర్చుని మొదట కాయ నోట్లో వేసుకున్నాను. వేపకాయని ఉప్పునీళ్ళలో నెల రోజులు మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఉమ్మేశాను. రెండోది నమిలి మింగాను. తర్వాత డబ్బా రేకు లాగితే ఆ వాసన! ఊదా రంగు కాళ్ళు ముక్కలుగా కోసి ఉన్నాయి, ఒక్కో ముక్కకీ ఆ గుండీలు. పళ్ళ కింద వేస్తే హవాయి చెప్పు అంచు కొరికినట్టుంది, కొరికినకొద్దీ పక్కకి జారుతుంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సింకు దాకా పరిగెత్తాను. వెనక్కొచ్చి ఇంకో ముక్క తీసుకున్నాను.

"ఎందుకే నీకీ పట్టుదల?" అన్నారు మా ఆయన ముక్కు మూసుకుని. "ఛీ, ఇల్లంతా కంపు."

"ఈ కంపు నాకు పది రోజుల అన్నం పెడుతుంది" అన్నాను.

మూడు రోజులు రోజుకో రెండు ముక్కలు, మందు మింగినట్టు తిన్నాను. మూడో రోజు సాయంత్రం ఆయన వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. ముఖం ఆవదం తాగినట్టయింది. మింగలేక, ఉమ్మలేక, బుగ్గలో పెట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఇది తినడానికి సిద్ధపడ్డావా, వంట తప్పుతుందని?"

"సిద్ధపడ్డాను."

బుగ్గలోది మింగేసి ఆయన వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఆ ఇల్లు మీరుంచుకోండి. మేం వేరే చూసుకుంటాం. మీ వదినకి భోజనం పెట్టే చోటు." అవతల ఏమన్నాడో తెలియదు, ఈయన మాత్రం "అవునురా, నేనే పొరపాటు చేశాను" అన్నారు. నాతో ఆ మాట అనలేదు ఇప్పటిదాకా. ఫోనుకి చెప్పారు.

ఆ ద్వీపంలోనే ఒక ముసలావిడ ఇంట్లో మేడ మీద గది దొరికింది. పొద్దున, రాత్రి ఆవిడే వండి పెడుతుంది. ఆయన చేత రెండుసార్లు అడిగించాను, వండేది ఆవిడేనా, నేను కాదు కదా అని. రొట్టె, టమాటా, చేప ఉంటాయట. కుందేలు వద్దంటే మానేస్తానందట.

తోటికోడలికి కోపం. పిల్లలు ఏం తింటారని ఫోన్లో దెప్పింది. "అక్కా, కనీసం చారు పొడైనా చేసివ్వండి" అంది చివరికి. చారు పొడి చేసిచ్చాను, పిల్లల మీద నాకేం కోపం? ఇడ్లీ రేకులు కూడా ఇచ్చేశాను. ఎలా వెయ్యాలో మరిదికి చూపించమంటే చూపించాను. అతను వేసిన మొదటి వాయి తుమ్మజిగురులా సాగింది. అది కూడా తిన్నాను, నాకిప్పుడు ఏదైనా దిగుతుంది.

వచ్చే నెల ప్రయాణం. రోత పూర్తిగా పోయిందని చెప్పను. ఆయన అన్నంలో వేళ్ళు పెడితే ఇప్పటికీ ఒక్కోసారి తల అటు తిప్పుకుంటాను. కానీ ఆ ముసలావిడ కంచం తెచ్చి నా ముందు పెట్టినప్పుడు, ఆవిడ భాష నాకు రాకపోయినా, ఇంకాస్త కావాలా అని చేత్తో అడుగుతుంది కదా, కావాలనే చెప్తాను.

ఇక లేవండి, మీకూ పొద్దున పనులుంటాయి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఒకరికొకరు తెలిసిన మాట దాచుకోకుండా ఉండాలి. మీ గడపలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ కూర్చోవడానికి చోటు, తినడానికి వేడన్నం, అడిగి వడ్డించే చెయ్యి దొరకాలి. పిల్లాపాపలతో నిండా నూరేళ్ళు బతకండి.