తమ్ముడి మూతి మీద అక్కి

మా తమ్ముడి మూతి మీద అక్కి పొక్కులు లేచాయంటే అమ్మ ముందు పరిగెత్తేది కుమ్మరి ఇంటికే. పెరంబూరులో మా వెనక వీధి ముసలాయన ఇంకా అక్కి రాస్తాడు. కావిమట్టి నీళ్ళలో రంగరించి, పుండ్ల చుట్టూ సింహం బొమ్మ గీసి, తడపొద్దని చెప్పి పంపిస్తాడు.

ఈసారి చెంప మీద సింహంతో వచ్చిన తమ్ముణ్ణి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "కిడ్నీ మార్పించుకున్నోడికి మట్టి పూయిస్తావామ్మా?" అని కేకలేశాను. ఆ కిడ్నీ అమ్మదే. దాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా వాడు రోజూ మింగే మాత్రలు రోగాలతో పోరాడే శక్తిని అణిచేస్తాయి. అందుకే వాడికి అక్కి మాటిమాటికీ వస్తుంది. కావి కడిగించి ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

ఇదివరకు ఎసైక్లోవిర్ మాత్రలతో తగ్గిపోయేది. ఈసారి తగ్గలేదు. మోతాదు పెంచారు, సెలైన్‌లో ఎక్కించారు. పుండ్లు పెదవి దాటి ముక్కు దాకా పాకాయి. పల్చటి రసం తాగినా వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

పుండు నుంచి తీసిన నీటిని పరీక్షకు పంపాక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఈ వైరస్ ఆ మందుకు ఇక లొంగదట. ఇంకో మందుంది గానీ, అది కిడ్నీని దెబ్బతీయవచ్చు. పోనీ రోజూ వేసుకునే మాత్రలు తగ్గిద్దామంటే, ఒళ్ళు ఆ కిడ్నీని తోసెయ్యవచ్చు. ఎటు తిరిగినా దెబ్బ అమ్మ ఇచ్చినదాని మీదే. నాకు దేవుడి మీద కూడా కోపం రాలేదు, అంత ఓపిక మిగల్లేదు.

ఇంటికొస్తూ కుమ్మరి ఇంటి ముందు ఆటో ఆపించాను. సిగ్గేమీ అనిపించలేదు. తమ్ముడికి రాయడానికి రమ్మంటే, ఆసుపత్రిలో రాయనివ్వరని ముసలాయన అరవంలో గొణిగి, కాగితంలో కావిగడ్డ చుట్టి చేతిలో పెట్టాడు.

అమ్మ దాన్ని చూసింది. దెప్పుతుందనుకున్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అమ్మ కావిగడ్డను పక్కకు నెట్టింది.

"ఇదెందుకే తెచ్చినావు? ఆ ఇంకో మందే ఎక్కించమని చెప్పు. కిడ్నీ పోతే పోనీలే. నాకాడ ఇంకోటి ఉండాది గదా!"

ఆమె ముఖం తేటపడింది, దారి దొరికినట్టు. ఆ రెండోది ఏ డాక్టరూ తీసుకోడని నేను ఇంతవరకూ చెప్పలేకపోయాను.