పైన నిలబడ్డవాడు

ఎత్తైన మేడల బయటి గోడలకు రంగులు వేయడం అతని పని. డాబా మీంచి రెండు తాళ్లతో దించిన చెక్కపలక మీద కూర్చుని, పక్కన బకెట్టు తగిలించుకుని, ఒక్కో అంతస్తే దిగుతూ వేయాలి. తోటివాళ్లు గోడబల్లి అని పిలిచేవారు. ఆ పేరుకు పలికేవాడే తప్ప కోపం తెచ్చుకునేవాడు కాదు.

పని మొదలుపెట్టే ముందు రోజూ డాబా మీద ఓ మూల నిలబడి ప్రార్థన చేసుకునేవాడు. తర్వాత ఒంటి బరువంతా వేసి ప్రతి ముడినీ లాగి చూసేవాడు.

"అంత ప్రార్థన చేసి మళ్లీ ఆ లాగుడెందుకండీ? దేవుడి మీద నమ్మకం లేదా?" అని భార్య వేళాకోళం చేసేది.

"ఆయన మీద నమ్మకమే. ముడి వేసింది నేను కదా, అనుమానం నా మీద," అనేవాడు.

తల్లి పోవడంతో ఆమె తమ్ముణ్ణి చిన్నప్పుడే ఇంటికి తెచ్చుకుని పెంచారు. పెద్దయ్యాక అతను ఏ పనిలోనూ కుదురుకోకపోతే గోడబల్లి తన పనే నేర్పి, పైన తాళ్లు చూసుకునే బాధ్యత అప్పగించాడు. బావమరిదిది మంచి గొంతు. ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకుంటే ముసలీముతకా కళ్లు తుడుచుకునేవారు. పని దగ్గర మాత్రం ఒళ్లు వంగేది కాదు. "ఆయనే చూసుకుంటాడులే బావా" అన్నది అతని ఊతపదం.

ఓ ఉదయం మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడేలోగా ఒక పక్క గోడైనా ముగించాలని గోడబల్లి కింద రంగు కలుపుకుని ఆదరాబాదరాగా పైకి వచ్చాడు.

"రెండు తాళ్లూ స్తంభానికే కట్టావా?"

"కట్టాను బావా."

"లాగి చూశావా?"

"చూశాను. వాన వచ్చేస్తోంది, దిగు."

ఆ ఒక్కసారికి ముడులు ముట్టుకోకుండానే దిగాడు. సగం గోడ అయ్యేసరికి ఉన్నట్టుండి అతని కింద పలక లేదు. ఇసుక కుప్ప మీద పడబట్టి ప్రాణం దక్కింది కానీ కాలు విరిగింది.

తాడు తెగిందన్నాడు బావమరిది. పాత తాడు మార్చకపోవడం తన తప్పేనని గోడబల్లి ఆసుపత్రి మంచం మీద తనను తానే తిట్టుకున్నాడు. భార్య పాలు తాగిస్తూ, తల వంచుకుని విన్నది.

చంకకర్రలతో నడవగలిగాక మందిరానికి వెళ్లాడు. అక్కడ బావమరిది లేచి, తాడు తెగిన క్షణాన తను మోకాళ్ల మీద పడి వేడుకుంటే దేవుడు బావను ఇసుకలో పడుకోబెట్టాడని చెప్పాడు. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. గోడబల్లీ చేతులు జోడించాడు.

బయట మెట్ల దగ్గర ఆ మేడ కాపలా తాత అతణ్ణి ఆపాడు.

"తాడు తెగడమేంటి నాయనా? రెండూ నా గదిలోనే ఉన్నాయి, చెక్కుచెదరలేదు. తుప్పుపట్టిన గొట్టానికి కట్టాడు. అది మొదలంటా ఊడొచ్చింది. వద్దురా అని చెబుతూనే ఉన్నా. ప్రార్థన చేశాం కదా తాతా, అన్నాడు."

ఇంటికొచ్చి బావమరిదిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు.

"స్తంభం దాకా తాడు అందలేదు బావా. పొడుగు తాడు కోసం మళ్లీ కిందికి దిగాలి. దేవుడు కాపాడతాడని నిజంగానే నమ్మాను. కాపాడాడు కదా."

"నువ్వు నమ్మింది దేవుణ్ణి. నేను నమ్మింది నిన్ను."

అప్పుడు భార్య వైపు చూశాడు. ఆమె ముఖంలో ఆశ్చర్యమన్నదే లేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఆసుపత్రిలోనే చెప్పి ఏడ్చాడండీ. మీరు బతికారు కదా, తల్లి లేనివాణ్ణి వీధిలో పెట్టడమెందుకని..."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెతకు అర్థం అతనికి అప్పుడు తెలిసింది. తప్పంతా తనదేనని కుమిలిపోతుంటే, ఆమె పక్కనే కూర్చుని పాలు తాగించింది.

బావమరిది వేరే గది చూసుకున్నాడు. మందిరంలో ఇప్పటికీ పాడుతున్నాడు. గోడబల్లీ వెళ్తాడు, వెనక వరసలో కూర్చుంటాడు. దేవుడితో అతనికి పేచీ లేదు. కాలు కొంచెం కుంటుతున్నా మళ్లీ గోడ ఎక్కాడు. ఇప్పుడు పైన నిలబడేది వేరే మనిషి.

"వాణ్ణి ఎప్పటికి క్షమిస్తారు?" అని ఓ రోజు భార్య అడిగింది.

"ఆ మనసు ఇమ్మని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. ఇవ్వడం ఆయన పని. వాణ్ణి మళ్లీ పైన నిలబెట్టకపోవడం నా పని."

మరి నన్నో, అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అతనికీ తెలియదు.