అత్తగారు చెప్పిన మంచునది

చైనా కొండల్లోని పెద్ద మంచునదిని చూపిద్దామని మా అత్తగారిని రంగూన్ నుంచి వెంటబెట్టుకు వెళ్లాను. రోప్‌వే ఎక్కగానే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకున్నారు. పైన దిగాక టీకొట్లో పొయ్యి పక్కన కూర్చుండిపోయారు.

"అత్తయ్యా, ఇంత దూరం వచ్చాం. నాలుగడుగులేస్తే కనబడుతుంది, రండి."

"కాళ్లు లాగేస్తన్నాయి. నువ్వెళ్లి సూసిరా."

బతిమాలాను, విసుక్కున్నాను. ఆవిడ కదల్లేదు. చివరికి ఒక్కదాన్నే వెళ్లాను. లోయ పొడవునా మంచు పరుచుకుని ఉంది. దానిమీదంతా రాళ్లూ మట్టీ. పగుళ్ల లోపల మాత్రం నీలంగా మెరుస్తోంది. అంత వింత ఎదురుగా ఉన్నా నా మనసంతా ఆవిడ మీది కోపమే.

రంగూన్ తిరిగొచ్చాక పజుండౌంగ్ పేటలోని మా బట్టల కొట్టుకి ఇరుగుపొరుగు వచ్చారు. అత్తగారు చేతులు తిప్పుతూ మొదలుపెట్టారు.

"ఏటి సెప్పమంటారు! పాలు పొంగినట్టు కొండంతా తెల్లగా!"

ఉండబట్టలేక, "తెల్లగా ఎక్కడుందండీ? అంతా బూడిదరంగు, రాళ్లు," అన్నాను.

ఎదురు కొట్టు పిన్నిగారు నావైపు జాలిగా చూశారు. "నువ్వు సరిగ్గా సూసినట్టు లేవమ్మా."

అత్తగారు కాదనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న లుంగీని అడ్డదిడ్డంగా మడిచి బల్లమీద పడేసి, లోపలికి వెళ్లిపోయాను.