గట్టు మీది పెట్టె

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నాగాయలంక బస్సు రొయ్యల చెరువుల పక్కగా వెళ్తున్నప్పుడు, నీళ్లను చిలికే ఏరియేటర్ల చప్పుడు కిటికీలోంచి వినిపించగానే ఫోన్‌లో బ్లూటూత్ తెరిచి వెతుకుతాను. ఇవాళా వెతికాను. ముందు సీటులో ఎవరిదో ఇయర్‌ఫోన్ పేరు వచ్చింది. నేను వెతికే పెట్టె రాలేదు. రాదని తెలుసు.

ఆ పెట్టెలు తయారుచేసే గుడివాడ ఆఫీసులోనే నా మొదటి ఉద్యోగం. పని నేర్పింది ఎస్తేరు రాణి గారు, మేడం అనేవాళ్లం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే గట్టు మీది పెట్టె, షెడ్డులో పడుకున్న రైతు ఫోన్‌ను మోగించాలి. చేరిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. భోజనాల వేళ బల్ల చివర కూర్చుని కథల పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు మేడం పుస్తకం మీద చెయ్యి పెట్టి, "అందులోవాళ్లు నువ్వు లేకపోయినా బతుకుతార్లే. ముందు ఈయనకి ఫోన్ చెయ్యి," అన్నారు. నాగాయలంక దగ్గర చెరువున్న వెంకటరత్నం గారి నంబరది. ఫోనైతే చేశాను గానీ, ఆయన హలో హలో అంటుంటే మేడం వైపు చూస్తూ ఉండిపోయాను. "ఏంటమ్మా, పెట్టె మాట్లాడుద్ది గానీ నువ్వు మాట్లాడవా?" అన్నారాయన. మేడం పకపకా నవ్వారు. ఆ తర్వాత రైతులతో మాట్లాడటం నా పనైంది.

ప్రతి పెట్టెకూ ఒక బ్లూటూత్ చిరునామా ఉంటుంది. ఫోన్ దాన్ని బట్టే పెట్టెను గుర్తుపడుతుంది. కరెంటు రాగానే ముందుగా లేచే బూట్ ఫర్మ్‌వేర్ ఆ చిరునామాను కెర్నెల్‌లోని, అంటే పెట్టెను నడిపే అసలు ప్రోగ్రాంలోని, డ్రైవర్‌కు అందిస్తుంది. మా పాత ఫర్మ్‌వేర్ దాని బైట్లను, అంటే అంకెల జతలను, తలకిందుల వరసలో అందించేది. డ్రైవర్ కూడా నియమానికి తలకిందులుగానే చదివేది. రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి దిద్దుకుని చిరునామా సరిగ్గానే వచ్చేది. కొత్త పెట్టెల్లో ఫర్మ్‌వేర్ సరిచేశాక, డ్రైవర్‌నూ సరిచెయ్యాల్సి వచ్చింది.

"పాత పెట్టెలకి ఒక గుర్తు పెడదాం సార్. ఆ గుర్తు కనిపిస్తే డ్రైవర్ పాత పద్ధతిలోనే చదువుద్ది," అన్నారు మేడం.

"తప్పుకి మళ్లీ గుర్తెందుకండీ? రూల్ ప్రకారం రాసెయ్యండి," అన్నారు మా యజమాని.

"పాత ఫర్మ్‌వేర్ గట్ల మీది పెట్టెల్లో ఉంది సార్. ఇక్కణ్ణుంచి మార్చలేం. రైతుల ఫోన్లకి మన పెట్టె పరాయిదైపోద్ది."

"అది తర్వాత చూద్దాం లెండి."

నాకు మాట నేర్పిన మనిషి ఆ రోజు ఇంకొక మాట అనలేదు. డ్రైవర్ రాసి నెట్‌లో అన్ని పెట్టెలకూ పంపారు.

కొత్త డ్రైవర్ ఎక్కించుకుని వెంకటరత్నం గారి పెట్టె తిరిగి లేచింది, తలకిందులైన చిరునామాతో. ఫోన్ దాన్ని గుర్తుపట్టలేదు. ఆ రాత్రి నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా మోగలేదు. ఫోన్ మోగలేదంటే చెరువు బాగుందనే ఆయన నమ్మకం. తెల్లవారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. మేడంతో పాటు నేనూ వెళ్లాను. బస్సు దిగిన చోటికే వాసన వచ్చింది. ఆయన మమ్మల్ని తిట్టలేదు. గట్టు మీద కూర్చునే ఫోన్ మా వైపు చాపారు.

"చార్జింగ్ కూడా నిండా పెట్టుకున్నానండీ, మేడం గారూ."

మేడం ఆ ఫోన్ అందుకుని బ్లూటూత్‌లో పెట్టె కోసం వెతికారు.

పాత పెట్టెలకు ఆ గుర్తు తర్వాత పెట్టారు. మిగతా చెరువుల మీద ఫోన్లు మళ్లీ మోగాయి. వెంకటరత్నం గారు మాత్రం చెరువు ఎండగట్టి, పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేసి, ఊరు విడిచి వాచ్‌మన్ పనికి వెళ్లిపోయారు. మేడం ఉద్యోగం మానేశారు. బందరులో వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కూర్చునేదాన్ని.

ఇప్పటికీ దేన్నైనా సరిదిద్దే ముందు, దాని పాత రూపాన్ని నమ్ముకుని ఎవరు నిద్రపోతున్నారో ఆలోచిస్తాను. ఎంత ఆలోచించినా ఆ చెరువులోకి నీళ్లు రావు.

బందరు ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు మేడం నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. తడిగుడ్డతో పెదవులు తుడిచాను. ఆవిడ నా ఒళ్లోని ఫోన్ వైపు చూశారు.

"అమ్మాయ్, ఆయన ఫోన్‌కి పెట్టె దొరికిందా?"