చర్ల దారిలో తేలిక చక్రాలు

మా వదినెకు ఒడిబియ్యం పోయాలని బయలుదేరాం. వదినె అంటే మా ఆయన అక్క. చర్ల దాటాక అడవి అంచున వాళ్ళ ఊరు. పుట్టింటి తరఫున తమ్ముడూ మరదలూ కలిసి వెళ్ళి ఆడబిడ్డ ఒళ్ళో పసుపు కలిపిన బియ్యం పోయాలి. అయిదేళ్ళుగా అదిగో ఇదిగో అంటూ ఆ పని వాయిదా వేస్తూ వచ్చాం. ఇంతలో ఆమె భర్త, నేను అన్నయ్య అని పిలిచే ఆయన, మంచం పట్టాడు. భర్త ఉన్న ఆడదానికే ఒడి నింపుతారు. ఆ తర్వాత ఎన్ని బస్తాలు మోసుకెళ్ళినా అది ఒడిబియ్యం కాదు.

మా ఆయనకు బొగ్గు గనిలో పని. కరెంటు కారు కొన్నాడు. ఏడాది తిరగకముందే దాని ఇనుప చక్రాలు విప్పించి, వెడల్పు టైర్లతో తేలిక చక్రాలు వేయించాడు.

"చక్రం బరువు తగ్గితే బ్యాటరీకి మోత తగ్గుతదే సుజాతా. ఒక్కపారి చార్జింగ్ పెడితే అక్క ఇంటికి పోయి రావచ్చు," అన్నాడు. కదిలేటప్పుడు బండికి మునుపటి బద్ధకం పోయిన మాట నిజం. పక్కన కూర్చున్న నాకే తెలిసింది.

కొత్తగూడెం క్వార్టర్ నుంచి ఉదయం ఏడింటికి అనుకున్నాం. బియ్యం మూట, ఎండుకొబ్బరి కుడుకలు, చీరలు, ఇత్తడి గంగాళం డిక్కీలో పట్టలేదు. "అడుగున ఉన్న ఆ స్టెప్నీ తీసేస్తే మూట కుదురుతుంది కదయ్యా," అన్నాను. నోరూరుకోక అన్న మాట. ఆయన మురిసిపోయాడు. "మంచిగ చెప్పినవ్. బండి ఇంకింత తేలికైతది." అదనపు చక్రం వరండాలో ఉండిపోయింది. కదిలేసరికి ఎనిమిదీ నలభై.

పాల్వంచ దాటేదాకా ఆయన నోరు మూతపడలేదు. తర్వాత మీటరు వంక చూడటం ఎక్కువై, మాటలు తగ్గాయి. పదింటికి గోదావరి వంతెన దాటి భద్రాచలంలో దిగాం. మిగిలిన చార్జింగ్ పోయిరావడానికి చాలదని తేలింది. ఒక హోటల్ ఆవరణలో చార్జింగ్ పెట్టి ఇడ్లీ తిన్నాం. మణుగూరు నుంచి కిరాయికి వచ్చిన డ్రైవరు ఒకతను, అతనిదీ కరెంటు బండే, మా చక్రాలను వంగి చూశాడు.

"అన్నా, తేలిక చక్రం ఆగి లేచేటప్పుడు పనికొస్తది. ఊర్ల తిరిగితే ఎంతో కొంత మిగులుతది. రోడ్డు మీద ఒక్క తీరుగ పోయేటప్పుడు గాలి, టైరు రాపిడే ఎక్కువ తింటయ్. వెడల్పు టైర్లేసి, వచ్చిన లాభం మళ్ళ పోగొట్టుకున్నవ్."

"దుకాణపోడు గట్ల చెప్పలే తమ్మీ."

"చెప్తే నువ్వు కొంటవా?"

ముగ్గురం నవ్వాం. పోతూ పోతూ అతనే, "చక్రాల అంచులు పలచగున్నయ్. గుంతల కాడ పైలం," అన్నాడు. అప్పటికి పదకొండూ నలభై.

దుమ్ముగూడెం దాటాక రోడ్డు రెండు వైపులా అడవి. ఇసుక లారీలు తిరిగి తిరిగి తారు లేచిపోయింది. పన్నెండూ ముప్పావుకు ఎదురు లారీని తప్పించబోయి ముందు చక్రం గుంతలో పడింది. దిగి చూస్తే టైరు బాగానే ఉంది, చక్రం అంచు పగిలి గాలంతా పోయింది. పంక్చర్ మందు అతికే చోటు కాదది. నేను వరండా తలుచుకున్నాను. ఆయనా అదే తలుచుకున్నాడేమో, నా వంక చూడలేదు. తోటి పనివాడు లింగయ్యకు ఫోన్ చేసి, వరండాలోని స్టెప్నీని మోటారు సైకిల్ మీద తెమ్మన్నాడు.

రెండూ ఇరవైకి చర్ల బస్సు వచ్చి ఆగింది. కండక్టరమ్మ తల బయట పెట్టి, "మూట ఎక్కియ్యుండ్రి అక్కా, ముందల జాగ ఉన్నది," అంది. నేను మూట మీద చెయ్యి వేశాను.

"నేను బండి ఇడిచిపెట్టి రాను. మిగిలిన మూడు చక్రాలు ఎవడన్న ఇప్పుకపోతే?" అన్నాడు మా ఆయన. "లింగయ్య వస్తుండు గద."

వదినె తమ్ముడు లేకుండా నేనొక్కదాన్నే వెళ్ళి ఒడి నింపలేను. చెయ్యి పట్టి లాగి బస్సెక్కించాల్సింది. "సరే, మీరు పోండి," అని కండక్టరమ్మకు చెప్పింది నేనే.

లింగయ్య వచ్చేసరికి నాలుగూ పది. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన చక్రం విప్పుతూ, "బరువు తగ్గాలని తీసేస్తివి. గదే బరువు నా ఈపున మోపిస్తివి గదనే," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

ఒక పక్క ఇనుప చక్రం, మిగతావి తేలికవి. బండి ఒరుగుతుంటే మా ఆయన మెల్లగా నడిపాడు. వదినె వాకిట్లో దిగేసరికి దీపాలు పెట్టేశారు. ఉదయం నుంచి పచ్చి మంచినీళ్ళ మీదే ఉందట. కట్టుకున్న కొత్త చీర మార్చేసి పాత చీరలో వచ్చింది.

"పొద్దుగూకినంక ఒడి నింపరు సుజాతా. రేపు అమాస. ముందుగాల తిందురు రాండ్రి," అంది. ఒక్క దెప్పు మాట లేదు. మంచంలో అన్నయ్య మా ఆయన చెయ్యి పట్టుకుని, "కొత్త బండి మంచిగున్నదా బామ్మర్దీ?" అని అడిగాడు. ఆయన "ఆఁ" అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. ఆయనకు రెండో షిఫ్టు. బియ్యం ఉంచుకోమని మేమంటే, "ఒళ్ళె పొయ్యని బియ్యం నేనెట్ల తీస్కుంట?" అని వదినె మూట మళ్ళీ డిక్కీలో పెట్టించింది. దారంతా ఆయన ప్రతి గుంత దగ్గరా బండిని దాదాపు ఆపి దింపాడు. మీటరు వంక ఒక్కసారీ చూడలేదు. ఆ దారిన కరెంటు బండిలో వెళ్ళేవాళ్ళు స్టెప్నీ తీసేయకండి. పగిలింది చక్రమే అయితే, వచ్చిన బస్సు ఎక్కేయండి. బండి ఎక్కడికీ పోదు.

బయలుదేరేటప్పుడు వదినె కారు అద్దం దగ్గరికి వంగి, "మల్ల ఎప్పుడొస్తరు?" అని అడిగింది. పదిహేను రోజుల్లో వస్తామన్నాను. అన్నయ్య పన్నెండు రోజులే ఉన్నాడు.