సోమ్రా అనని మాట

ముప్పయ్యేళ్లుగా ఒక మాట గుండెల మీద బండలా ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయింది. ఇక దాచి ఎవరికి మేలు? పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల ఇరవైల్లో సంగతి. మన్యం తిరుగుబాటుతో కల్లోలంగా ఉండేది. జి.మాడుగుల దాటాక ఒక కొండ మీద పోలీసు క్యాంపు వేశారు. అక్కడి వైర్‌లెస్ యంత్రం నా చేతిలో ఉండేది. అది అప్పుడే కొత్తగా వచ్చిన వస్తువు. మాట్లాడితే కింది క్యాంపుకు నా గొంతు గాలిలోనే వెళ్లేది. నాకు ఇరవై నాలుగేళ్లు. క్యాంపు దొరకు తెలుగు రాదు. కొండవాళ్లకు ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ పని కూడా నాదే.

యంత్రాన్ని కొండెక్కించినవాడు సోమ్రా. నలభై ఏళ్లుంటాయి, కొండ మనిషి. ఘాటీలో, ఆ మలుపుల కొండదారిలో, వాన పట్టుకుంటే వాల్వుల పెట్టెకు తన గొంగళి చుట్టి, తాను తడుస్తూ నడిచాడు. వాల్వులంటే దీపపు బుడ్లలాంటి గాజు గొట్టాలు. యంత్రానికి ప్రాణం వాటిలోనే ఉంటుంది. సోమ్రా వాటిని కోడిగుడ్లు మోసినట్టు మోశాడు. నేను వెనకే నడిచాను. కళ్లారా చూశాను.

మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత ముసురు పట్టింది. కింది క్యాంపువాళ్లు నా గొంతు సరిగా అందడం లేదన్నారు. అందినా నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టుందట. గొంతును గాలిలోకి పంపే ఏరియల్ తీగకు ఎంత బలం వెళుతోందో చూపే అమ్మీటరు ముల్లు, రోజూ నిలబడే చోటికి సగం కూడా రావడం లేదు.

ఇలాంటప్పుడు ముందు బయట చూడమని నేర్పారు. ఏరియల్ తీగ, దాన్ని పట్టి ఉంచే పింగాణీ బిళ్లలు, భూమిలో పాతిన రాగి రేకు, ఆ రేకుకు కట్టిన తీగ. అవి బాగున్నాయని తేలాకే లోపల చెయ్యి పెట్టాలి. నాకు తెలుసు. కానీ బయట వాన. బురద. జలగలు. బద్ధకమా? బద్ధకమే. దానికి తోడు పొగరు. వాల్వు వేడి పెంచే మర తిప్పాను. ముల్లు కాస్త లేచింది. ఇంకొంచెం తిప్పాను. వాల్వు తెల్లగా వెలిగి ఆరిపోయింది. అదనంగా ఉన్న ఒక్క వాల్వునూ పెట్టి, అదే పని మళ్లీ చేశాను. ఎందుకు చేశాను? మొదట చేసింది తప్పు కాదని నాకు నేనే రుజువు చేసుకోవాలనుకున్నానేమో. అదీ పోయింది.

క్యాంపు మూగదైపోయింది. దొర నిప్పులు కక్కుతూ వచ్చాడు. ఎలా పోయాయని అడిగాడు. మోతలో దెబ్బ తిని ఉంటాయి, ఆ బీటే ముదిరి ఇప్పుడు పోయాయన్నాను. మోసిందెవరన్నాడు. సోమ్రాను పిలిపించారు.

దొర ప్రశ్నను తెలుగులో అడిగాను. "పెట్టె కింద పడేశావా?"

"నేదు బాబూ. నా కాలు జారనేదు. మీరు నా ఎనకే ఉన్నారు గదా, సూసినారు గదా. దొరకి సెప్పండి."

దొర నా వైపు తిరిగాడు.

"ఘాటీలో పడేశాడట. భయపడి చెప్పలేదట" అని ఇంగ్లీషులో అన్నాను.

దొర తలూపాడు. ఆ తల ఊపడం చూసి, తన మాటే నేను చెప్పాననుకున్నాడు సోమ్రా. నాకు రెండు చేతులూ జోడించాడు. "మీ పున్నెం బాబూ" అన్నాడు. అప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. అప్పటికీ నా వైపే చూస్తున్నాడు, నేను వాళ్లను ఆపుతానన్నట్టు.

తిరుగుబాటువాళ్ల కోసం కావాలనే పాడుచేశాడని దొర అనుమానం. మైదానంలో జైలుకు పంపేశారు. అంత దూరం పోతుందని నేననుకోలేదు. అనుకోలేదని రాశాను చూడండి, ఇప్పటికీ సాకులు వెతుక్కుంటున్నాను.

పది రోజులకు కొత్త వాల్వులు వచ్చాయి. పెట్టాను. ముల్లు పాత చోటే, సగం దగ్గరే ఆగింది. అప్పుడు బయటికి వెళ్లాను. మట్టి తవ్వి రాగి రేకు పైకి తీశాను. తీగను రేకుకు సీసం కరిగించి మాటు వేసి అతకాలి. మొదటి రోజు తొందరలో చేత్తో మెలిపెట్టి వదిలేసింది నేనే. అక్కడంతా పచ్చగా చిలుము. గీకి, మాటు వేశాను. ముల్లు నిటారుగా లేచింది. ఇక గొంతు సంగతి. మైకులోని బొగ్గు రవ్వ చెమ్మకు ముద్దకట్టింది. కుంపటి దగ్గర ఆరబెట్టి మెల్లగా తట్టాను. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుందని కింది క్యాంపువాళ్లు చెప్పారు. దొర నా భుజం తట్టాడు.

ఆ రోజుకు సోమ్రా బతికే ఉన్నాడు.

మొదటి అబద్ధం భయంతో ఆడాను, సరే. ఆ రోజు ఏ భయం ఉంది? యంత్రం బాగైంది, దొర సంతోషంగా ఉన్నాడు, ఒక్క మాట చెబితే ఒక మనిషి ఇంటికి వచ్చేవాడు, మహా అయితే నా ఉద్యోగం పోయేది, అయినా నోరు విప్పలేదంటే ఆ భుజం తట్టడం నాకు అంత తియ్యగా ఉందన్నమాట. ఇంతకన్నా మంచి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

సంత రోజున అతని భార్య క్యాంపు కంచె దగ్గరికి వచ్చేది. "దొర బాస మీకొచ్చు గదా బాబూ. ఆణ్ణి బేగి ఒగ్గేయమని సెప్పండి" అనేది. చెబుతాననేవాణ్ణి. చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి కబురు వచ్చింది. జైల్లో జ్వరం వచ్చి పోయాడట. ఆమెకు చెప్పమని దొర నాకే పురమాయించాడు. చెప్పాను. ఈసారి దొర మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. కంచె కర్ర పట్టుకుంది.

"ఏటి సేసినాడు బాబూ, ఆడు?" అంది.

నాకు తెలియదన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. ఏమీ చెయ్యలేదు. సోమ్రా పెట్టె పడెయ్యలేదు. వాల్వులు కాల్చింది నేను. అతను అనని మాట పుట్టించింది నేను. క్షమించమని ఎవరినీ అడగను, అడగదగ్గవాళ్లు లేరు. ఇవి ఇంత చిన్న మాటలని రాసేదాకా తెలియలేదు. చెయ్యి నొప్పిగా ఉంది. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.